పశ్చిమ ప్రకాశం గ్రామాల్లో చెక్కభజన, తప్పెట: ఇంటి వాద్యాలు, చిన్న ప్రదర్శనలు, రెండు రకాల ప్రతిఫలం

వ్యాససంగ్రహం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల గ్రామాల్లో ఊరి వడ్రంగి చేసిచ్చిన చెక్కలు, ఊళ్లోనే తోలు బిగించిన తప్పెటలు ఆధారంగా సాగే చిన్న ప్రదర్శనలు నేటికీ ఉన్నాయి. జానపద కళల పరిశోధన వీటిని రూపాన్ని బట్టి, తాళాన్ని బట్టి వర్గీకరించింది. ఎవరు పిలిస్తే ఎవరు వచ్చి వాయించారు, వాయించినందుకు ఏం పుచ్చుకున్నారు అన్న ప్రశ్నకు అంత చోటు దక్కలేదు. ఒకే ఊరిలో ఒకరి వాద్యం భక్తిగానూ మరొకరి వాద్యం పనిగానూ ఎలా స్థిరపడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చెక్కభజన, తప్పెట, గజ్జెపూజ, మేర, సంభావన, పశ్చిమ ప్రకాశం

ప్రాంత నేపథ్యం

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో ఇవి చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. పాలనాపరంగా కోస్తాతో కలిసినా పాట విషయంలో ఈ నేల నేటికీ రాయలసీమకే దగ్గర. గిద్దలూరు నుంచి నల్లమల దాటితే నంద్యాల. దక్షిణంగా పోరుమామిళ్ల మీదుగా సాగితే బ్రహ్మంగారి మఠం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి తత్త్వాలు, ఆయన శిష్యుడు దూదేకుల సిద్దయ్య తత్త్వాలు ఇక్కడి భజనల్లో రామదాసు కీర్తనలతో సమానంగా వినబడటానికి ఈ సామీప్యమే ముఖ్యకారణం. తూర్పున గుంటూరు సీమ నుంచి బుర్రకథ, పద్యనాటకం వచ్చాయి. నాటకంతోపాటు హార్మోనియం కూడా వచ్చి భజన గుడిలో కూర్చుంది.

వర్షం మీద ఆధారపడిన మెట్ట సేద్యం ఈ ప్రాంతపు ప్రధాన జీవనాధారం. కంది, మిరప, పత్తి ఇంటికి చేరాక ఎండాకాలంలో చేలల్లో పని ఉండదు. భజన నేర్చుకునే కాలం అదే. శ్రీరామనవమి, తిరునాళ్లు, పెళ్లిళ్లు ఆ రోజుల్లోనే వస్తాయి. మాఘమాసంలో శ్రీశైలానికి కాలినడకన పోయే శివరాత్రి యాత్రికులు దోర్నాల దారిలో పాడుకుంటూ వెళ్తారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున వీధుల వెంట నగర సంకీర్తన సాగుతుంది. ఒక భజన బృందానికి ఏడాదిలో వచ్చే అవకాశాలు దాదాపు ఇవే.

చెక్కలు, అడుగులు

చెక్కభజనలో ప్రధాన వాద్యం అత్యంత సాదాది. అరచేతిలో ఇమిడే రెండు కొయ్యముక్కలు, వాటి చీలికల్లో వదులుగా అమర్చిన లోహపు బిళ్లలు. జతను ఒకే చేతి వేళ్ల మధ్య పట్టి తాటిస్తారు. ఊరి వడ్రంగి చేసివ్వగలిగిన వస్తువు ఇది. బిళ్ల ఊడిపోతే కమ్మరి కొలిమి దగ్గర సరిచేసుకోవచ్చు. దీనికి స్వరస్థానం లేదు. మోత ఒక్కటే ఉంది. స్వరభేదం లేని వాద్యంతో గంటల తరబడి వినేవారిని కూర్చోబెట్టడానికి బృందం తన శరీరాన్నే వాద్యంగా మార్చుకుంటుంది. కాళ్ల గజ్జెలు, నేలమీద పాదం పడే చప్పుడు, వరుసలు విడిపోయి మళ్లీ కలిసే తీరు అన్నీ తాళంలో భాగమే. అందుకే ఈ కళను నేర్చేవారు ఎన్ని పాటలు వచ్చునని చెప్పుకోరు, ఎన్ని అడుగులు వచ్చునని చెప్పుకుంటారు.

నేర్పే గురువు తరచుగా పొరుగూరివాడు. పంట పనులు తీరాక ఊరికి వచ్చి, రామమందిరం ముందు రాత్రిపూట దీపాల వెలుతురులో అడుగులు నేర్పుతాడు. పగలు పశువుల దగ్గరో కూలి పనిలోనో ఉండేవాళ్లే రాత్రి శిష్యులు. ఇళ్లవారు వంతులవారీగా గురువుకు భోజనం పెడతారు. శిక్షణ పూర్తయ్యాక గజ్జెపూజ జరుగుతుంది. ఊరంతా చూస్తుండగా తొలి ప్రదర్శన ఇచ్చి, గురువుకు కొత్త బట్టలు, దక్షిణ సమర్పిస్తారు. శాస్త్రీయ నృత్యంలో ఆరంగేట్రానికి ఉన్న స్థానం ఇక్కడ గజ్జెపూజది. తేడా ఒక్కటే, ఇక్కడ వేదిక ఎక్కేది వ్యక్తి కాదు, వరుస.

పాట నెమ్మదిగా మొదలవుతుంది. గురువు చరణం అందిస్తే బృందం తిరిగి అంటుంది. వేగం క్రమంగా పెరిగి, పాట మాటలు దాదాపు వినబడనంత ఉరవడిలో ముక్తాయింపు పడుతుంది. పక్కన కూర్చున్న హార్మోనియం, డోలక్ ఈ వేగాన్ని అనుసరిస్తాయే తప్ప నడిపించవు. హార్మోనియం గురించి ఇక్కడొక మాట చెప్పుకోవాలి. తెలుగు గమకానికి అది పనికిరాదని పండితులు ఆక్షేపించారు. 1940లో అఖిల భారత రేడియో దాన్ని నిషేధించింది. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. ఆ ముప్పై ఏళ్లూ పల్లె భజనల్లో ఆ పెట్టె ఒక్కరోజు కూడా మూతపడలేదు. శ్రుతిశుద్ధి కంటే పదిమంది గొంతులు ఒకచోట నిలబడటం అక్కడ ముఖ్యం.

మట్టితో చేసిన వాద్యం కూడా ఈ ప్రాంతానికి కొత్త కాదు. బుర్రకథలో వంతలు వాయించే గుమ్మెట, కుండ వంటి మట్టి బుర్రకు తోలు బిగించి తయారైనదే. తరువాతి కాలంలో లోహపు గుమ్మెటలు వచ్చాయి. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920–1997) ఈ కథన రూపానికి తెచ్చిన పేరు, 1986లో ఆయనకు దక్కిన పద్మశ్రీ సుపరిచితాలు. ఆ స్థాయి కీర్తి చెక్కభజన గురువులెవరికీ రాలేదు. కథకు కథకుడు ఉంటాడు, వరుసకు ఒక్కడి పేరు ఉండదు.

తప్పెట

అదే ఊరిలో మరో ఇంటి వాద్యం ఉంది. డప్పు అని పుస్తకాల్లో రాసేదాన్ని ఈ ప్రాంతంలో తప్పెట అనీ అంటారు. గుండ్రని కొయ్య చట్రానికి పదునుచేసిన తోలును చింతగింజల జిగురుతో అతికించి, లాగి బిగిస్తారు. ఒక చేత లావుపాటి సిర్ర, మరో చేత సన్నని చిటికెనపుల్ల. వాయించే ముందు గడ్డి మంట దగ్గర తోలును కాచాలి. చలిగాలికి, తేమకు శ్రుతి దిగితే మళ్లీ కాచాలి. కనుక ప్రతి ప్రదర్శనలోనూ మంట ఒక అంగం. పెళ్లి ఊరేగింపుకు ఒక దరువు, జాతరకు ఒకటి, శవయాత్రకు ఒకటి. దూరం నుంచి దరువు వినే ఊళ్లో ఏం జరుగుతున్నదో చెప్పగలిగేవారు. చెక్కతో పోలిస్తే తప్పెటలో సాంకేతిక నైపుణ్యం చాలా ఎక్కువ. తోలు ఎంపిక, పదును, అతుకు, కాపు అన్నీ వాయించేవారికే తెలియాలి. అయినా గురువు అన్న మాట, గజ్జెపూజ వంటి గౌరవం చెక్కభజనకే దక్కాయి.

కారణం వాద్యంలో లేదు. తప్పెట మాదిగలకు కులవృత్తిగా, అంతకంటే సరిగా చెప్పాలంటే వెట్టిగా అప్పగించబడింది. జాతరలో అమ్మవారి ముందు వాయించడం, చావు కబురు మోయడం, ఊరి నిర్ణయాన్ని చాటింపు వేయడం వారి విధి. ప్రతిఫలం కళ్లంలో కొలిచే మేర. పిలుపును కాదనే హక్కు లేని చోట ప్రదర్శన అనే మాటే సరిపోదు. భజన బృందానికి మాత్రం తాంబూలమిచ్చి పిలుపు అందుతుంది. రాలేమని చెప్పవచ్చు. వస్తే భోజనం, పండో ప్రసాదమో, కొంత సంభావన ఇస్తారు. ఆ సొమ్ము తరచుగా మందిరం ఖర్చులకో, కొత్త డోలక్ కొనడానికో పోతుంది. ఇవాళ మా ఊరి నవమికి మీరు వస్తే రేపు మీ తిరునాళ్లకు మేము వస్తాం అన్న ఎదురు పిలుపే అసలు ప్రతిఫలం.

ఈ తేడా చావు ఇంట స్పష్టంగా కనబడుతుంది. శవం లేచేవరకు రాత్రంతా జాగరణ భజన చేయడం ఈ ప్రాంతపు ఆచారం. బంధుమిత్రులైన భజనపరులు వచ్చి తత్త్వాలు పాడతారు. అది పుణ్యకార్యం. ఉదయం శవయాత్ర ముందు తప్పెట మోగుతుంది. అది కూలి. రాత్రి పాడినవారు పందిట్లో కూర్చున్నారు, ఉదయం వాయించినవారు వీధిలో నిలబడ్డారు. బిరుదురాజు రామరాజు గేయసాహిత్య పరిశోధన (1958), మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ (1992) వంటి గ్రంథాలు తెలుగువారికి చేసిన మేలు తక్కువది కాదు. అయితే రూపాల వారీగా అధ్యాయాలు విడగొట్టే పద్ధతిలో ఒకే రాత్రి, ఒకే ఇంటి ముందు నడిచిన ఈ రెండు సంగీతాలూ వేర్వేరు పుటల్లోకి వెళ్లి, వాటి మధ్య ఉన్న సంబంధం జారిపోతుంది.

తప్పెట దించినవారు

ఈ సంబంధాన్ని మొదట ప్రశ్నించినవారు పరిశోధకులు కారు, వాయించినవారే. పందొమ్మిదో శతాబ్ది చివరిపాదంలో ఒంగోలు కేంద్రంగా అమెరికన్ బాప్టిస్టు మిషన్ మాదిగల మధ్య విస్తరించింది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. తరువాత కంభం, మార్కాపురం కూడా మిషన్ కేంద్రాలయ్యాయి. మతం మారినవారు గ్రామదేవత జాతరలో వాయించబోమని అనడం ఊరి పెద్దలతో ఘర్షణకు దారితీసిన తీరు జాన్ క్లౌ దంపతుల రచనల్లో నమోదైంది. మత విశ్వాసం సంగతి ఎలా ఉన్నా, అది ఒక వాద్యకారుల సమూహం పిలుపును తిరస్కరించిన సందర్భం కూడా.

వారు సంగీతాన్ని మాత్రం వదల్లేదు. పురుషోత్తమ చౌధరి (1803–1890) మొదలైనవారి తెలుగు క్రైస్తవ కీర్తనలను కంజీర, తాళాలు, డోలక్‌తో పాడుకున్నారు. ఒకరు అందించడం, అందరూ తిరిగి అనడం, వేగం పెంచి ముగించడం, రాత్రంతా కూర్చోవడం అన్నీ భజన పద్ధతులే. కంజీరకూ తోలే ఉంది. కానీ దానికి మేర లేదు, చాటింపు లేదు. ఏ వాద్యాన్ని దించారు, ఏ వాద్యాన్ని ఎత్తుకున్నారు అన్నది నాదాన్ని బట్టి కాక దాని వెనకున్న చాకిరిని బట్టి నిర్ణయమైంది.

నూరేళ్ల తరువాత ఇదే జిల్లాలో ఆ వాద్యం తిరిగి పైకి లేచింది. 1994 జూలైలో ఈదుముడి గ్రామంలో మొదలైన మాదిగ రిజర్వేషన్ పోరాట ఉద్యమం దండోరా పేరుతోనే జనంలోకి వెళ్లింది. ఊరి పెద్దల మాటను చాటిన తప్పెట ఈసారి వాయించేవారి మాటను చాటింది. సభలకు, ఊరేగింపులకు వాయించినప్పుడు పిలిచినవారూ వారే, వచ్చినవారూ వారే.

పోలికకు మరో దేశపు ఉదాహరణ పనికివస్తుంది. అమెరికాలో లూయీవిల్, మెంఫిస్ నగరాల్లో ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో నల్లజాతి వాద్యకారులు ఖాళీ జాడీ మూతి దగ్గర పెదవులతో ఊది మంద్రస్థాయి నాదం పుట్టించేవారు. బట్టలుతికే గరుకు పలకను తాళవాద్యం చేసుకున్నారు. వీటిని జగ్ బ్యాండ్‌లు అన్నారు. మెంఫిస్ జగ్ బ్యాండ్ 1927లో తొలి రికార్డులు ఇచ్చింది. వీధి మూలల్లో, మందులమ్మేవారి ప్రదర్శనల్లో, సంపన్నుల విందుల్లో వాయించి పొట్టపోసుకున్నారు. 1960 దశకంలో చదువుకున్న తెల్లజాతి యువకులు ఈ సంగీతాన్ని పునరుద్ధరించారు. అప్పుడది వారికి సరదా. జాడీ అదే, ఊదే పద్ధతి అదే. ఒకరికి బతుకుతెరువు, మరొకరికి ఇష్టం. ఇంట్లో చేసుకున్న వాద్యం అనగానే స్వేచ్ఛను ఊహించుకోవడం అక్కడా ఇక్కడా తొందరపాటే.

నేటి స్థితి

ప్రభుత్వ గుర్తింపు కూడా పాత విభజననే అనుసరించింది. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులు సామాజిక పింఛన్లలో ఒక ప్రత్యేక వర్గం. 2024 జూలై నుంచి వారికి నెలకు 4,000 రూపాయలు అందుతున్నాయి. భజనకు అటువంటి వర్గం లేదు. దానికి దేవాలయాల ఆదరణ ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానాల దాస సాహిత్య ప్రాజెక్టు వంటివి భజన మండళ్లను ఆహ్వానిస్తాయి. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు చెక్కభజన, కోలాటం చేసే అవకాశం పల్లె బృందాలకు పెద్ద గౌరవం. ఒకరికి జీవనాధారం కోల్పోయినందుకు భృతి, మరొకరికి సేవ చేసే భాగ్యం. పింఛను అవసరమైనదే, ఆలస్యంగానైనా వచ్చినందుకు సంతోషించవలసినదే. అయితే వృద్ధ వాద్యకారుడికి అందిన ఆ మొత్తం అతని కొడుకు సిర్ర పట్టడానికి ప్రోత్సాహం కాదు. కొడుకు పట్టకపోవడమే మేలని ఆ తండ్రి అనుకుంటే తప్పుపట్టే అర్హత బయటివారికి లేదు.

చెక్కభజనకు ఉన్న చిక్కు వేరు. కరువు, వలస ఈ ప్రాంతపు నిత్యజీవితంలో భాగం. హైదరాబాదు, బెంగళూరు నిర్మాణ పనులకు యువకులు వెళ్లినప్పుడు వరుసలో జోడీలు తెగిపోతాయి. హార్మోనియం వాయించేవాడు ఒక్కడున్నా పాట నడుస్తుంది, ఎదురు జోడీ లేకుండా అడుగు పడదు. పండుగకు తిరిగివచ్చినవారు రెండు రాత్రుల సాధనతో పాత అడుగుల్లో తేలికైనవి మాత్రం వేయగలుగుతారు. కష్టమైన అడుగులు ముందుగా జారిపోతున్నాయి. శబ్దపేటికల హోరును అందరూ నిందిస్తారు గానీ, అది వచ్చి కూర్చున్నది అప్పటికే ఖాళీ అయిన చోటులోనే.

ఆ ఖాళీలోకి స్త్రీలు కూడా వచ్చారు. ఒకే రంగు చీరలతో కోలాటం, చెక్కభజన చేసే మహిళా బృందాలు ఇప్పుడు తిరునాళ్లలో తరచుగా కనబడుతున్నాయి. మగవారు వలసపోయినా ఊళ్లో నిలిచినవారు వీరు. ఏ రాత్రి సాధన చేయాలి, ఏ ఊరికి వెళ్లాలి, ఆటో కిరాయి ఎవరు పెట్టుకోవాలి అన్న లెక్కలు వారే తేల్చుకుంటున్నారు. రాత్రంతా సాగే చావు భజనకు మాత్రం వీరికి పిలుపు అరుదు. తప్పెట పట్టిన స్త్రీల బృందాలు ఇంకా అరుదు.