బొంబాయిలో పుట్టిన తెలుగు వారపత్రిక

విద్యార్థులారా! పాత తెలుగు పత్రికలు అనగానే మీకు మద్రాసో, బెజవాడో, రాజమండ్రో గుర్తుకు రావచ్చు. కాని ‘ఆంధ్రపత్రిక’ 1908 సెప్టెంబరులో బొంబాయిలో వారపత్రికగా మొదలైంది. అది అక్కడ ఎందుకు పుట్టింది? ఎలా నిలబడింది? ఇప్పుడు చూద్దాం.

స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. స్వస్థలం కృష్ణా జిల్లా ఎలకుర్రు. 1893లో ఆయన బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం ప్రారంభించారు. మిల్లుల్లో, కట్టడపు పనుల్లో ఎందరో తెలుగువారు ఆ నగరంలో ఉండేవారు. అది స్వదేశీ ఉద్యమకాలం. మరాఠీ వారపత్రిక ‘కేసరి’లో వచ్చిన వ్యాసాలకుగాను 1908 జూలైలో బొంబాయి హైకోర్టు తిలక్‌కు ఆరేళ్ల ప్రవాస శిక్ష విధించింది. తర్వాత రెండు నెలలకే, అదే నగరంలో పంతులుగారు తన పత్రికను తెచ్చారు. అందులోని సాహసం మీకు అర్థమయ్యే ఉంటుంది.

మరి దినపత్రిక కాక వారపత్రికే ఎందుకు? ఆనాటి అచ్చుపనిని గమనించండి. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో పేర్చాలి. ఇంగ్లీషుకు 26 అక్షరాలు, వాటి పెద్ద, చిన్న రూపాలు ఉంటే చాలు. తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిపి వందల రకాల అచ్చులు కావాలి. కంపోజిటరు చేయి అన్ని గళ్లూ వెతకాలి. పైగా దూరప్రాంతాల చందాదారులకు పత్రిక టపాలోనే అందాలి. ఈ పరిస్థితుల్లో వారానికొక సంచిక అనువైన పద్ధతి.

ఇక ఖర్చు సంగతి. కాగితానికి, కూలికి, టపాకు చందాలు చాలవు. దీనికి తోడు 1910 ప్రెస్ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వం పత్రికల నుంచి ధరావతు కోరవచ్చు. రాతలు నచ్చకపోతే దాన్ని జప్తు చేయవచ్చు. జమీందారు దయ మీదనో, సర్కారు ప్రకటనల మీదనో ఆధారపడిన పత్రిక ఇలాంటప్పుడు గొంతు తగ్గించుకోవలసి వస్తుంది. ‘ఆంధ్రపత్రిక’కు అమృతాంజనం రాబడి అండగా నిలిచింది. తలనొప్పి మందు ఒక పత్రిక స్వేచ్ఛను కాపాడిందన్నమాట!

1914లో పత్రిక మద్రాసుకు తరలి, ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక అయింది. కొద్ది నెలల్లోనే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది; ఏ రోజు వార్త ఆ రోజే తెలుసుకోవాలన్న ఆత్రుత పాఠకుల్లో పెరిగింది. 1924లో పంతులుగారు ‘భారతి’ మాసపత్రికను కూడా స్థాపించారు. ఆయన 1938లో మరణించారు. దినపత్రిక 1991లో ఆగిపోయింది.

మీ ఇంటికి వచ్చే పత్రికను ఒకసారి తీసి చూడండి. వార్తలకు ఎంత చోటు ఉంది, ప్రకటనలకు ఎంత ఉంది? ఆ ప్రకటనలు ఎవరివి? మీరిచ్చే వెలతోనే అది నడుస్తుందా? లెక్క వేసి మీ తరగతిలో చర్చించండి.