గోధుమ పడనివారికి కమ్మని కారపు బిస్కట్లు

సాయంకాలము కాఫీతో రెండు ఉప్పు బిస్కట్లు తినుట నేడు మన ఇండ్లలో సాధారణమైన అలవాటు. అంగడిలో దొరకు బిస్కట్లు చాలవరకు మైదాతో చేసినవి. మైదా గోధుమ నుండి వచ్చినది. గోధుమ ఒంటికి పడనివారికి ఆ రెండు బిస్కట్లే అనర్థము తెచ్చును. అట్టివారు, ముఖ్యముగా పిల్లలు, నిశ్చింతగా తినదగిన బిస్కట్లను ఇంటిలోనే చేసుకొను విధానమును ఈ వ్యాసములో వివరించుచున్నాను.

గోధుమ చెడ్డదా?

కాదు. గోధుమ మధుర రసము, శీత వీర్యము, స్నిగ్ధ గురు గుణములు కలది. బలమును, ధాతుపుష్టిని కలిగించునని ఆయుర్వేదము చెప్పుచున్నది. అరుగుదల బాగుండి, ఏ బాధయు లేనివారు ఇతరులను చూచి గోధుమను మానవలసిన పనిలేదు.

సీలియాక్ వ్యాధి కలవారి సంగతి వేరు. గోధుమ, బార్లీ, రై ధాన్యములలో గ్లూటెన్ అను మాంసకృత్తు ఉన్నది. ఈ వ్యాధిగ్రస్తులలో అది లోనికి పోగానే శరీరపు రక్షణశక్తి తన చిన్న ప్రేగు మీదనే తిరుగబడును. ఆహారసారమును పీల్చుకొను సన్నని మొనలు అణగారిపోవును. తిన్నది ఒంటికి పట్టదు. కడుపుబ్బరము, విరేచనములు, ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత, పిల్లలలో ఎదుగుదల లేకపోవుట దీని లక్షణములు. గోధుమకును ఈ వ్యాధికిని గల సంబంధమును డచ్చి శిశువైద్యుడు విల్లెం డికె 1950లో తన సిద్ధాంత గ్రంథములో నిరూపించెను. మన దేశములో గోధుమ ముఖ్యాహారమైన ఉత్తరాదిన ఇది ఎక్కువ, దక్షిణాదిన తక్కువ. తక్కువ కనుకనే మన ప్రాంతములో దీనిని గుర్తించుట ఆలస్యమగుచుండును.

లక్షణములు గ్రహణి వ్యాధిని పోలియున్నను, గ్రహణి అంతయు సీలియాక్ కాదు. అనుమానము కలిగినచో రక్తపరీక్ష, అవసరమైనచో ప్రేగు పరీక్ష చేయించవలెను. పరీక్షకు ముందే గోధుమ మానరాదు. మానినచో వ్యాధి ఉన్నను పరీక్షలో బయటపడకపోవచ్చును. వ్యాధి నిర్ధారణయైన పిదప జీవితాంతము గ్లూటెన్ మానుటయే మార్గము. గోధుమను మరల పడునట్లు చేయు కషాయము గాని, చూర్ణము గాని లేదు. నిదాన పరివర్జనము, అనగా రోగకారణమును విడిచిపెట్టుటయే, ఇచట చికిత్స.

కనబడని గోధుమ

ఒక తొమ్మిదేండ్ల బాలికను తల్లిదండ్రులు నా వద్దకు తీసికొనివచ్చిరి. సీలియాక్ అని ఆసుపత్రిలో తేల్చిరి. ఇంటిలో చపాతీ, సేమియా, బొంబాయి రవ్వ అన్నియు మాన్పించిరి. అయినను ఉబ్బరము, విరేచనములు తగ్గలేదు. వంటింటి విషయములు ఒక్కొక్కటిగా అడుగగా రెండు సంగతులు తెలిసినవి. బియ్యపుపిండిని గోధుమలు ఆడు మరలోనే ఆడించుచున్నారు. చారులో, పులిహోరలో నిత్యము ఇంగువ వేయుచున్నారు. అంగడి ఇంగువ, ముద్దయైనను పొడియైనను, తరచుగా గోధుమపిండి కలిపి చేసినదే. ఈ రెండును మార్చిన కొన్ని నెలలకు పిల్ల తేరుకొన్నది. పిమ్మట తల్లి అడిగిన ప్రశ్న ఒక్కటే: "బడిలో అందరు పిల్లలు బిస్కట్లు తినుచుండగా మా అమ్మాయికి ఏమి పెట్టమందురు?" దానికి సమాధానమే ఈ బిస్కట్లు.

కావలసినవి

జొన్నపిండి 120 గ్రాములు, బియ్యపుపిండి 60 గ్రాములు, దోరగా వేయించి పొడిచేసిన శనగపప్పు 60 గ్రాములు, నెయ్యి 80 గ్రాములు, అవిసె గింజల పొడి 1 పెద్ద చెంచా, వాము 1 చిన్న చెంచా, వేయించిన జీలకర్ర 1 చిన్న చెంచా, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు 1 చిన్న చెంచా, శొంఠిపొడి అర చిన్న చెంచా, సైంధవ లవణము 1 చిన్న చెంచా, సన్నగా తరిగిన కరివేపాకు గుప్పెడు, మజ్జిగ 3 లేక 4 పెద్ద చెంచాలు.

జొన్నలు, బియ్యము, పప్పు కడిగి, ఆరబెట్టి, ఇంటి మిక్సీలోనే పొడిచేసి జల్లించవలెను. ఇంగువ అక్కరలేదు.

చేయు విధానము

జొన్నపిండికి సాగుగుణము లేదు. అందుచేతనే మన స్త్రీలు జొన్నరొట్టెకు మరుగు నీళ్ళు పోసి పిండి తడుపుదురు. ఈ బిస్కట్లలో పిండిని పట్టియుంచు పనిని అవిసె చేయును. దాని పొడిని 3 పెద్ద చెంచాల గోరువెచ్చని నీటిలో 10 నిమిషములు నానబెట్టినచో జిగురగును.

పిండ్లు, ఉప్పు, దినుసులు కలిపి నెయ్యి వేసి, రవ్వవలె అగువరకు వ్రేళ్ళతో నలుపవలెను. అవిసె జిగురు, తగినంత మజ్జిగ చేర్చి ముద్దచేసి, మూతపెట్టి అరగంట ఉంచవలెను. చిన్న ఉండలు చేసి, చెక్కలు వత్తినట్లు రెండు పాలిథిన్ కాగితముల నడుమ కొంచెము మందముగా వత్తి, ఫోర్కుతో గుచ్చవలెను. గోధుమ చపాతీలు చేయు పీటను, కర్రను వాడరాదు. ముందుగా వేడిచేసిన ఓవెనులో 160 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద 20 నుండి 25 నిమిషములు, అంచులు ఎరుపెక్కువరకు కాల్చవలెను. ఓవెను లేనివారు దళసరి గిన్నె అడుగున ఉప్పు పరచి, దానిపై చిన్న స్టాండు ఉంచి, మూతపెట్టి 10 నిమిషములు వేడిచేసి, పిమ్మట బిస్కట్ల పళ్ళెము పెట్టి సన్నని సెగపై అరగంట ఉంచవచ్చును. వేడిమీద తీసినచో విరుగును. పళ్ళెములోనే చల్లారనిచ్చి గాజు సీసాలో భద్రపరచవలెను. సుమారు 30 బిస్కట్లగును.

గుణములు, జాగ్రత్తలు

జొన్న రూక్షము, ఒంటరిగా తిన్నచో వాతమును పెంచును. నెయ్యి ఆ రూక్షతను తగ్గించును. వాము, జీలకర్ర, మిరియాలు, శొంఠి దీపన పాచనములు. ఆకలిని పుట్టించి, ఉబ్బరమును తగ్గించును. హింగ్వాష్టక చూర్ణములోని ఎనిమిది ద్రవ్యములలో శొంఠి, మిరియాలు, జీలకర్ర, సైంధవము ఉన్నవి.

ఇది చిరుతిండియే గాని భోజనము కాదు. ఒక పూటకు మూడు నాలుగు చాలును. కడుపులో మంట, పుల్లని త్రేన్పులు కలవారు, చిన్న పిల్లలు మిరియాలను, శొంఠిని సగమునకు తగ్గించవలెను. రక్తపోటు కలవారు ఉప్పు తగ్గించుకొనవలెను. సైంధవమును ఉప్పే గనుక ఎక్కువ వాడరాదు.

కుటుంబములో ఒకరికి గోధుమ పడనప్పుడు వారికి వేరుగా, మిగిలినవారికి వేరుగా బిస్కట్లు పెట్టవలదు. ఈ బిస్కట్లనే ఇంటిల్లిపాది తిన్నచో, తన తిండి వేరన్న చింత పిల్లవానికి ఉండదు. పొరపాటున గోధుమ కలియు ప్రమాదమును తగ్గును.