నేల అడిగిన లెక్క: 1999 భూకంపాలు

దివ్య ఖుర్‌ఆన్‌లో 99వ సూరా పేరు జిల్‌జాల్. అంటే భూకంపం. ఎనిమిది చిన్న ఆయతులున్న ఈ సూరాను మన ఇళ్లలో పసిపిల్లలు కూడా కంఠస్థం చేస్తారు. ప్రళయదినాన భూమి తీవ్రంగా కంపించి తనలోని బరువులన్నిటినీ బయట పడేస్తుందనీ, తన మీద జరిగినదంతా చెప్పేస్తుందనీ, ఆనాడు మనిషి తాను చేసిన రవ్వంత మంచినీ రవ్వంత చెడునూ కళ్లారా చూసుకుంటాడనీ ఈ సూరా సారాంశం.

ప్రళయం నాటి ఆ మహాకంపం వేరు. మన జీవితకాలంలో అక్కడక్కడా వచ్చే భూకంపాలు వేరు. అయినా ఈ చిన్న కంపాల్లోనూ భూమి కొన్ని సంగతులు చెబుతుంది. గోడల లోపల ఏముందో, పునాదుల కింద ఏముందో, ఇల్లు కట్టినవాడు ఎంత వేశాడో, ఎంత మిగుల్చుకున్నాడో బయట పెడుతుంది. 1999 సంవత్సరం ఈ సంగతిని ఎంతో స్పష్టంగా చెప్పింది.

ఒకే ఏడాది, ఎన్నో ఊళ్లు

ఆ ఏడాది జనవరి 25న దక్షిణ అమెరికాలోని కొలంబియాలో, కాఫీ తోటల ప్రాంతంలో, 6.1 తీవ్రతతో భూమి కంపించింది. అర్మేనియా అనే నగరం ఎక్కువగా దెబ్బతింది. ఇది ఆసియాలోని అర్మేనియా దేశం కాదు, అదే పేరున్న కొలంబియా పట్టణం. సుమారు 1,200 మంది చనిపోయారు. ఆపదలో ఆదుకోవలసిన పోలీసు కార్యాలయం, అగ్నిమాపక కేంద్రం కూడా కూలిపోయాయి. భూకంపాలను తట్టుకునే నిర్మాణ నియమాలు ఆ దేశంలో 1984లో వచ్చాయి. వాటికి ముందు కట్టిన ఇళ్లే ఎక్కువగా నేలమట్టమయ్యాయి.

మార్చి 29 అర్ధరాత్రి దాటాక మన దేశంలోనే హిమాలయాల్లోని చమోలీ ప్రాంతం వణికింది. అప్పటికి అది ఉత్తరప్రదేశ్‌లో ఉంది, ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో ఉంది. సుమారు వంద మంది మరణించారు. ఆగస్టు 17న టర్కీ, సెప్టెంబరు 7న గ్రీసు రాజధాని ఏథెన్స్, సెప్టెంబరు 21న తైవాన్, సెప్టెంబరు 30న మెక్సికో, అక్టోబరు 16న అమెరికాలోని కాలిఫోర్నియా, నవంబరు 12న మళ్లీ టర్కీ.

ఇరవయ్యో శతాబ్దం ముగిసిపోతున్న రోజులవి. లోకం అంతమైపోతోందన్న పుకార్లు అప్పుడు చాలానే ఉన్నాయి. వరుసగా వస్తున్న ఈ వార్తలు ఆ భయాన్ని మరింత పెంచాయి. నిజానికి 7 కంటే ఎక్కువ తీవ్రత గల భూకంపాలు ప్రపంచంలో ఏటా సగటున పదిహేను దాకా వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావరకు సముద్రం అడుగునో, జనం లేని చోటో వచ్చి పోతాయి. 1999లో వచ్చినవాటిలో చాలా మనుషులు నివసించే ఇళ్ల కింద వచ్చాయి. తేడా అదే.

ముప్పావు నిమిషం

ఆగస్టు 17 మంగళవారం. తెల్లవారుజాము 3 గంటల 2 నిమిషాలు. టర్కీలో మర్మరా సముద్ర తీరాన ఉన్న ఇజ్మిత్, గోల్‌జుక్, యలోవా, అదాపజారి పట్టణాలు గాఢనిద్రలో ఉన్నాయి. 7.6 తీవ్రతతో వచ్చిన ఆ కుదుపు సుమారు ముప్పావు నిమిషం సాగింది. అధికారిక లెక్కల ప్రకారమే 17 వేల మందికి పైగా చనిపోయారు. చమురు శుద్ధి కర్మాగారంలో రేగిన మంటలు రోజుల తరబడి ఆరలేదు.

టర్కీ ఉత్తర భాగంలో తూర్పు నుంచి పడమరకు వెయ్యి కిలోమీటర్లకు పైగా భూమిలో ఒక పగులు ఉంది. దాన్ని ఉత్తర అనతోలియా భ్రంశం అంటారు. పగులుకు రెండు వైపులా ఉన్న నేల ఎదురెదురు దిశల్లో జరగాలని చూస్తుంది. అంచులు ఒకదానికొకటి బిగుసుకుపోవడంతో ఒత్తిడి పేరుకుంటుంది. బిగువు తెగిన రోజు భూకంపం వస్తుంది. 1939లో తూర్పున ఎర్జింజాన్ దగ్గర మొదలైన పెద్ద భూకంపాల వరుస దశాబ్దాల పాటు పడమరగా జరుగుతూ వచ్చింది. తర్వాతి ప్రమాదం ఇజ్మిత్ వైపు ఉందని ఐకుత్ బార్కా, రాస్ స్టైన్ తదితర శాస్త్రజ్ఞులు 1997లోనే ఒక వ్యాసంలో చూపించారు. రోజు, గంట ఎవరూ చెప్పలేరు. చోటు మాత్రం తెలుసు.

మరి అంతమంది ఎందుకు చనిపోయారు? కూలిన ఇళ్లను పరిశీలించిన ఇంజనీర్లకు కారణాలు కళ్ల ఎదుటే కనిపించాయి. కొన్ని చోట్ల కాంక్రీటులో కడగని సముద్రపు ఇసుక వాడారు. అందులో ఆల్చిప్పల ముక్కలు అలాగే ఉన్నాయి. ఆ ఇసుకలోని ఉప్పు లోపలి ఇనుప చువ్వలను తినేస్తుంది. పిల్లర్లలో చువ్వలను పట్టి ఉంచే రింగులు దూరదూరంగా వేశారు. కింది అంతస్తులో దుకాణాల కోసం గోడలు లేకుండా వదిలేసి, పైన ఐదారు అంతస్తులు లేపారు. అదాపజారిలో ఏటి ఒండ్రు మట్టి మీద కట్టిన మేడలు నేల మెత్తబడి పక్కకు ఒరిగిపోయాయి. అదే వీధిలో, అదే నేల మీద, నియమం ప్రకారం కట్టిన ఇళ్లు మాత్రం నిలబడ్డాయి.

తైవాన్‌లోనూ ఇదే కథ. 7.6 తీవ్రతతో వచ్చిన ఆ భూకంపంలో 2,400 మందికి పైగా చనిపోయారు, యాభై వేలకు పైగా ఇళ్లు కూలాయి. నేల లేచిన తీరుకు ఒక పెద్ద ఆనకట్టే విరిగిపోయింది. కూలిన కొన్ని భవనాల కాంక్రీటు మధ్య ఖాళీ నూనె డబ్బాలు బయటపడ్డాయి. ఏథెన్స్‌లో తీవ్రత 6 మాత్రమే. 143 మంది చనిపోతే, అందులో 39 మంది ఒకే ఒక కర్మాగారం కూలడం వల్ల పోయారు.

ఇప్పుడు అక్టోబరు 16 నాటి కాలిఫోర్నియా సంగతి చూడండి. తీవ్రత 7.1. కొలంబియాలో వచ్చినదాని కంటే సుమారు ముప్పై రెట్లు శక్తి ఎక్కువ. ఒక రైలు పట్టాలు తప్పింది. ఒక్కరూ చనిపోలేదు. అది ఎడారి కాబట్టి అనవచ్చు, నిజమే. కానీ అదే రాష్ట్రంలో 1994లో లాస్ ఏంజిలిస్ మహానగరం కిందే 6.7 తీవ్రతతో భూకంపం వస్తే మృతుల సంఖ్య 60కి అటూ ఇటూగా ఆగింది. భూమి అందరినీ ఒకేలా ఊపుతుంది. ఇళ్లే ఒకేలా ఉండవు.

శిక్ష అనే తొందరపాటు

టర్కీలో భూకంపం రాగానే, అది ఆ ప్రజల పాపాలకు శిక్ష అని తీర్పు చెప్పినవారు అక్కడా ఉన్నారు, ఇతర చోట్లా ఉన్నారు. సరిగ్గా ఆరు రోజుల ముందు, ఆగస్టు 11న, సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడింది. ఆ నీడ టర్కీ మీదుగా సాగి, మన దేశాన్ని దాటి బంగాళాఖాతంలో ముగిసింది. గ్రహణమే ఈ ఉత్పాతం తెచ్చిందని కొందరు ముడిపెట్టారు.

విశ్వాసులు ఇక్కడ దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆదర్శాన్ని గుర్తు చేసుకోవాలి. ఆయన పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే మదీనాలో సూర్యగ్రహణం పట్టింది. ఆ బాలుడి మరణం వల్లే సూర్యుడు మసకబారాడని జనం చెప్పుకున్నారు. కడుపుకోతలో ఉండి కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి పుట్టుక కోసమో, చావు కోసమో వాటికి గ్రహణం పట్టదనీ బోధించి, నమాజుకు నిలబడ్డారు. సూచనను చూసి మనం వణకాలి. ఇతరుల మీద తీర్పు చెప్పకూడదు.

అంతేకాదు. గోడ కూలి, శిథిలాల కింద నలిగి చనిపోయిన విశ్వాసికి షహీద్ హోదా ఉందని సహీహ్ హదీసుల్లో ఉంది. దైవప్రవక్త (స) అమరులుగా లెక్కించిన వారిని మనం పాపుల జాబితాలో ఎలా వేస్తాం?

ఆ రోజుల్లోనే గోల్‌జుక్ నుంచి వచ్చిన ఒక ఛాయాచిత్రం ప్రపంచమంతా తిరిగింది. చుట్టూ ఇళ్లన్నీ నేలమట్టమైన చోట ఒక మస్జిద్ మాత్రం నిటారుగా నిలబడి ఉంది. చూసిన ప్రతి విశ్వాసి హృదయం కదిలింది. కదలాలి కూడా. కానీ అదే ఏడాది, అదే ప్రాంతంలో ఎన్నో మీనార్లు విరిగి పడ్డాయి. అది కూడా నిజమే. నిలిచిన మస్జిద్‌ను సాక్ష్యంగా చూపేవాడు విరిగిన మీనారు గురించి ఏం జవాబు చెబుతాడు? మన విశ్వాసం ఒక బొమ్మ మీద ఆధారపడి లేదు.

భూకంపాలను పరిశీలించడం మన పెద్దలకు కొత్తేమీ కాదు. ఇబ్నె సీనా తన షిఫా గ్రంథంలో వాటి కారణాలను చర్చించాడు. 1505లో మరణించిన ఇమాం జలాలుద్దీన్ సుయూతీ, ఇస్లామీయ దేశాల్లో వచ్చిన భూకంపాలను సంవత్సరాల వారీగా నమోదు చేస్తూ ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. దైవభీతికీ పరిశీలనకూ మధ్య వారికి గొడవ కనిపించలేదు.

తూకం తప్పినవారు

హజ్రత్ షుఐబ్ (అ) జాతి మద్‌యన్ ప్రజలు వ్యాపారులు. కొలతల్లో, తూనికల్లో మోసం చేయడం వారి అలవాటు. ఎంత చెప్పినా మానలేదు. చివరికి భూకంపం వారిని పట్టుకున్నదనీ, తమ ఇళ్లలోనే బోర్లపడి ఉండిపోయారనీ ఖుర్‌ఆన్ ఆరాఫ్ సూరాలో తెలుపుతోంది.

ఈ ఉదంతాన్ని 1999 పక్కన పెట్టి చూస్తే ఒక తేడా గుండెను పిండేస్తుంది. మద్‌యన్‌లో తూకం తప్పినవారే భూకంపానికి చిక్కారు. గోల్‌జుక్‌లో తూకం తప్పినవారు వేరు, శిథిలాల కింద నలిగినవారు వేరు. జీవితమంతా కూడబెట్టి ఫ్లాటు కొనుక్కున్న కార్మికుడికి, ఆ పిల్లర్‌లో ఎన్ని రింగులున్నాయో ఎలా తెలుస్తుంది? సిమెంటు తగ్గించినవాడు, అది చూడకుండా సంతకం పెట్టినవాడు చాలాసార్లు వేరే ఊళ్లో క్షేమంగా ఉన్నారు. టర్కీ కోర్టుల్లో వందలాది కేసులు నడిచాయి. క్షమాభిక్ష చట్టం వల్లా, కాలపరిమితి దాటిపోవడం వల్లా చాలా కేసులు శిక్షలు లేకుండానే మూతబడ్డాయి. ఇక్కడి ఫైలు మూసినంత మాత్రాన లెక్క తీరదు. రవ్వంత చెడు కూడా కనిపించే రోజు ఒకటుంది.

దైవప్రవక్త (స) ఒకసారి మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి చెయ్యి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న గింజలు లోపల తడిగా ఉన్నాయి. వాన వల్ల తడిసిందని వ్యాపారి చెప్పాడు. తడిసిన ధాన్యాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని నిలదీసి, మోసం చేసేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. పైన నున్నని ప్లాస్టరింగు, లోపల నాసి కాంక్రీటు ఉన్న ఇల్లు కూడా అలాంటి ధాన్యపు రాశే.

పొరుగువారి చేయి

ఆ చీకటి ఏడాదిలో ఒక వెలుగు కూడా కనిపించింది. గ్రీసు, టర్కీ తరతరాలుగా పడని పొరుగు దేశాలు. ఆగస్టులో టర్కీ కూలినప్పుడు గ్రీకు సహాయక బృందాలు వచ్చి శిథిలాల్లో ప్రాణాల కోసం వెతికాయి. మూడు వారాలకే ఏథెన్స్ కంపిస్తే టర్కీ బృందం అక్కడికి పరుగెత్తింది. ఆ తర్వాత తైవాన్‌కు కూడా వెళ్లింది. ఒక ప్రాణాన్ని కాపాడడం మానవాళినంతా కాపాడడమేనన్న ఖుర్‌ఆన్ బోధకు ఇంతకంటే వేరే వ్యాఖ్యానం ఏం కావాలి?

నవంబరు 12 శుక్రవారం సాయంత్రం దూజ్‌జె పట్టణం దగ్గర 7.2 తీవ్రతతో భూమి మళ్లీ కదిలింది. మరో ఎనిమిది వందల మందికి పైగా పోయారు. డిసెంబరులో రమజాన్ నెలతో పాటు చలి వచ్చింది. వేలాది కుటుంబాలు గుడారాల్లోనే సహ్రీ, ఇఫ్తార్ చేసుకున్నాయి.

ఆ తర్వాత టర్కీ ఇళ్లకు తప్పనిసరి భూకంప బీమా, నిర్మాణాల తనిఖీ చట్టం తెచ్చింది. అయితే 2018లో రుసుము కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసింది. 2023 ఫిబ్రవరి 6న దేశం దక్షిణాన 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, ఒక్క టర్కీలోనే 53 వేల మందికి పైగా చనిపోయారు. 1999 పాఠాన్ని సగమే నేర్చుకున్నందుకు చెల్లించిన ధర అది.

ముందు ఒంటెను కట్టండి

మనది గట్టి నేల, మనకేం కాదనుకోవడం సరికాదు. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపించింది. 1993లో లాతూరు జిల్లా కిల్లారి కూలిన రాత్రి ఆ అదురు హైదరాబాదుకు కూడా తెలిసింది. 2001లో కచ్ భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాదులో, కింద పార్కింగు కోసం ఖాళీ పిల్లర్ల మీద లేపిన అపార్టుమెంట్లు కుప్పకూలాయి. అటువంటివి మన పట్టణాల్లో ప్రతి వీధిలోనూ ఉన్నాయి.

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి వేయాలా అని ఒకరు అడిగితే, ముందు కట్టి తర్వాత భారం వేయమన్నారు దైవప్రవక్త (స). ఇల్లు కట్టేవారు ఇంజనీరు లెక్క ప్రకారం పిల్లర్లు వేయించాలి. రింగులు దగ్గరగా, కొసలు లోపలికి వంచి ఉన్నాయో లేదో కాంక్రీటు పోయకముందే చూసుకోవాలి. స్లాబును చెప్పినన్ని రోజులు తడపాలి. దుకాణం వెడల్పు కోసం పిల్లరు కొట్టేయకూడదు. మస్జిద్ కమిటీలకు మరీ ముఖ్యం. పాత కప్పు మీద కొత్త అంతస్తు, దాని మీద ఎత్తయిన మీనారు లేపే ముందు పునాది ఎంత మోస్తుందో పరీక్ష చేయించాలి. దాని కింద వరుసల్లో నిలబడేది మన పిల్లలే.

నిర్మాణ రంగంలో మన సోదరులు ఎందరో ఉన్నారు. మేస్త్రీలు, చువ్వలు వంచేవారు, సెంట్రింగు పనివారు, కాంట్రాక్టర్లు. వారి ప్రతి పని ఒక అమానత్. ఎవరూ చూడని చోట, కాంక్రీటు కప్పేసే ముందు వేసిన ఒక్క రింగు ఏదో ఒక రాత్రి ఒక కుటుంబాన్ని నిలబెట్టవచ్చు. ఆ రవ్వంత మంచిని చూసేవాడు అల్లాహ్. మన తూకాలు సరిగా ఉంచే భాగ్యాన్ని ఆయన మనకు ప్రసాదించుగాక. ఆమీన్.