ఇన్వర్టర్‌తో నడిచే మోటార్లలో వోల్టేజి సమస్యలు – వాటి నియంత్రణ

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు ఇన్వర్టర్‌కు, మోటారుకు మధ్య ఉండే కేబుల్ పొడవు మోటారు వైండింగ్‌పై చూపే ప్రభావాన్ని వివరించగలుగుతారు. మోటారు టెర్మినళ్ల వద్ద ఏర్పడే గరిష్ఠ వోల్టేజిని సుమారుగా లెక్కకట్టగలుగుతారు. సందర్భానికి తగిన నివారణ పద్ధతిని ఎంచుకోగలుగుతారు.

9.1 పరిచయం

ఇన్వర్టర్ ఏసీ సరఫరాను డీసీగా మార్చి, దాన్ని ఐజీబీటీ స్విచ్‌ల ద్వారా ముక్కలుగా కోసి, కావలసిన పౌనఃపున్యం గల మూడు ఫేజుల సరఫరాగా మోటారుకు అందిస్తుందని గత యూనిట్‌లో తెలుసుకున్నాం. కర్మాగారాల్లో దీన్నే డ్రైవ్ అనీ, వీఎఫ్‌డీ అనీ పిలుస్తారు. హైదరాబాద్ తూర్పు వైపున ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడల్లో మందులు, ప్లాస్టిక్ వస్తువులు, ఆహార పదార్థాలు తయారుచేసే చిన్న, మధ్యతరహా యూనిట్లలో ఇవి ఇప్పుడు సర్వసాధారణం. పంపు, బ్లోయర్, కన్వేయర్, ఎక్స్‌ట్రూడర్ ఏదైనా అవసరమైనంత వేగంతోనే తిప్పగలగడం వల్ల కరెంటు బిల్లు తగ్గుతుంది. ఆ లాభం నిజమైనదే.

అయితే డ్రైవ్ పెట్టిన కొన్ని నెలలకే మోటారు కాలిపోవడం కూడా ఈ వాడల్లో కొత్త విషయం కాదు. వైండింగ్ కట్టే మేస్త్రి మోటారు విప్పి చూస్తే చాలాసార్లు వైండింగ్ అంతా నల్లబడి ఉండదు. ఒక ఫేజులో, సరఫరా తీగ చేరే చోట ఉన్న మొదటి కాయిల్‌లోనే రెండు మూడు చుట్లు ఒకదానితో ఒకటి అతుక్కుని కాలి ఉంటాయి. ఓవర్‌లోడ్ అయితే మూడు ఫేజులూ దాదాపు సమానంగా మాడుతాయి. కాబట్టి ఇది ఓవర్‌లోడ్ కాదు. మళ్లీ అదే తీగతో వైండింగ్ కట్టించి బిగిస్తే మళ్లీ అదే చోట కాలుతుంది. యజమాని మోటారు కంపెనీని, మేస్త్రిని, విద్యుత్ పంపిణీ సంస్థను వరుసగా అనుమానిస్తాడు. ప్యానెల్ నుంచి మోటారుకు వెళ్లే కేబుల్‌ను మాత్రం ఎవరూ అనుమానించరు. ఈ యూనిట్ ప్రధానంగా ఆ కేబుల్ గురించే.

9.2 కేబుల్‌లో తరంగ పరావర్తనం

415 వోల్టుల మూడు ఫేజుల సరఫరాను రెక్టిఫై చేస్తే డీసీ బస్ మీద సుమారు 415 × 1.414 = 587 వోల్టులు ఉంటాయి. ఇన్వర్టర్ మోటారుకు పంపే ప్రతి పల్స్ ఎత్తు ఇదే. నేరుగా సరఫరా తీసుకునే మోటారుకు కూడా శిఖర వోల్టేజి 587 వోల్టులే కదా, తేడా ఏమిటని మీకు సందేహం రావచ్చు. తేడా ఎత్తులో లేదు, ఆ ఎత్తుకు చేరే వేగంలో ఉంది. 50 హెర్ట్జ్ సైన్ తరంగం సున్నా నుంచి శిఖరానికి చేరడానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది. ఐజీబీటీ అదే ఎత్తుకు సుమారు 0.1 మైక్రోసెకనులో చేరుస్తుంది. అంటే 50,000 రెట్లు వేగంగా.

ఇంత వేగంగా లేచే పల్స్‌కు కేబుల్ మామూలు తీగలా కనిపించదు. పల్స్ కేబుల్ వెంట ఒక తరంగంగా ప్రయాణిస్తుంది. దాని వేగం కాంతి వేగంలో సుమారు సగం, అంటే మైక్రోసెకనుకు దాదాపు 150 మీటర్లు. గాలి వీచే రోజున ఉప్పల్ నల్ల చెరువు దగ్గర నిలబడితే దీనికి దగ్గరి పోలిక కనిపిస్తుంది. నీటి మధ్యలో జానెడు ఎత్తున్న అల నిలువు గోడను తాకినప్పుడు వెనక్కి మళ్లే అలతో కలిసి దాదాపు రెండు జానల ఎత్తు లేస్తుంది. కేబుల్ చివర ఉన్న మోటారు, పల్స్‌కు అలాంటి గోడే.

గోడ ఎంత గట్టిదో చెప్పడానికి సర్జ్ ఇంపెడెన్స్ అనే రాశిని వాడతారు. కేబుల్‌కు ఇది సాధారణంగా 80 నుంచి 100 ఓమ్‌లు. చిన్న మోటార్లకు 2,000 ఓమ్‌లు, అంతకు మించి కూడా ఉంటుంది. మోటారు పెద్దదయ్యే కొద్దీ ఈ విలువ తగ్గుతుంది. పరావర్తన గుణకాన్ని ఇలా లెక్కిస్తారు:

పరావర్తన గుణకం = (మోటారు సర్జ్ ఇంపెడెన్స్ – కేబుల్ సర్జ్ ఇంపెడెన్స్) ÷ (మోటారు సర్జ్ ఇంపెడెన్స్ + కేబుల్ సర్జ్ ఇంపెడెన్స్)

మోటారుకు 2,000, కేబుల్‌కు 80 అనుకుంటే గుణకం 1,920 ÷ 2,080 = 0.923. అంటే వచ్చిన పల్స్‌లో 92 శాతం వెనక్కి మళ్లుతుంది. మోటారు టెర్మినల్ వద్ద వచ్చిన అల, మళ్లిన అల కలిసి 1.923 రెట్లు అవుతాయి. పెద్ద మోటారు కంటే చిన్న మోటారుకే ఈ ప్రమాదం ఎక్కువన్న సంగతి దీన్నిబట్టి తెలుస్తుంది. ఆచరణలో దీన్ని చాలామంది తలకిందులుగా ఊహిస్తారు.

9.3 సంధి పొడవు

కేబుల్ చాలా పొట్టిగా ఉంటే, పల్స్ పూర్తిగా లేవకముందే పరావర్తన తరంగం ఇన్వర్టర్ దాకా వెళ్లి తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు వోల్టేజి పూర్తిగా రెట్టింపు కాదు. పూర్తి పరావర్తనం మొదలయ్యే పొడవును సంధి పొడవు అంటారు.

సంధి పొడవు = (తరంగ వేగం × పల్స్ లేచే కాలం) ÷ 2

లేచే కాలం 0.1 మైక్రోసెకను అయితే సంధి పొడవు 150 × 0.1 ÷ 2 = 7.5 మీటర్లు. పాత తరం డ్రైవ్‌ల స్విచ్‌లు నెమ్మదైనవి. లేచే కాలం 1 మైక్రోసెకను ఉంటే సంధి పొడవు 75 మీటర్లు అయ్యేది. పాత డ్రైవ్‌తో ఏళ్ల తరబడి నడిచిన మోటారు, అదే కేబుల్ మీద కొత్త డ్రైవ్ పెట్టగానే ఎందుకు కాలిందో ఇప్పుడు అర్థమవుతుంది. సిలికాన్ కార్బైడ్ స్విచ్‌లు ఇంకా వేగవంతమైనవి. లేచే కాలం 0.03 మైక్రోసెకను అనుకుంటే సంధి పొడవు రెండున్నర మీటర్లు కూడా ఉండదు.

9.4 లెక్కించిన ఉదాహరణ

నాచారంలోని ఒక యూనిట్‌లో 7.5 కిలోవాట్ల మోటారు ఉందనుకుందాం. ప్యానెల్ గది నుంచి మోటారు దాకా కేబుల్ 60 మీటర్లు. లేచే కాలం 0.1 మైక్రోసెకను. 60 మీటర్లు 7.5 మీటర్ల కంటే చాలా ఎక్కువ, కాబట్టి పూర్తి పరావర్తనం జరుగుతుంది.

మోటారు వద్ద శిఖర వోల్టేజి = 587 × 1.923 = 1,129 వోల్టులు.

రాత్రి వేళ వాడలో లోడు తగ్గి సరఫరా 440 వోల్టులకు పెరిగితే డీసీ బస్ 622 వోల్టులు, శిఖరం 1,196 వోల్టులు. ఇన్వర్టర్‌తో నడపడానికి ప్రత్యేకంగా తయారైన మోటార్లకు అమెరికా నీమా ప్రమాణం రేటెడ్ వోల్టేజికి సుమారు 3.1 రెట్ల శిఖరాన్ని తట్టుకునే శక్తిని నిర్దేశిస్తుంది. 415 వోల్టుల మోటారుకు అది సుమారు 1,287 వోల్టులు. అలాంటి మోటారు ఈ పరిస్థితిలో గట్టెక్కుతుంది. సాధారణ మోటారుకు ఆ హామీ లేదు.

కథ ఇక్కడితో అయిపోదు. మోటారును త్వరగా ఆపాలనుకున్నప్పుడు అది జనరేటర్‌గా మారి శక్తిని డీసీ బస్‌లోకి తిప్పి పంపుతుంది. మందుల యూనిట్లలోని సెంట్రిఫ్యూజ్ వంటి బరువైన తిరుగుడు యంత్రాల్లో ఇది మరీ ఎక్కువ. డీసీ బస్ 750 వోల్టులకు చేరిందనుకోండి. డ్రైవ్ ఇంకా ట్రిప్ కాదు, ఎందుకంటే ఈ తరగతి డ్రైవ్‌ల ట్రిప్ హద్దు సాధారణంగా 800 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది. కానీ మోటారు వద్ద శిఖరం 750 × 1.923 = 1,442 వోల్టులు. అంటే డ్రైవ్ తెర మీద ఏ తప్పూ కనిపించని సమయంలో మోటారు తన హద్దు దాటిపోయింది. ఆపే సమయంలో వచ్చే ఓవర్‌వోల్టేజిని, కేబుల్ పరావర్తనాన్ని వేర్వేరు పాఠాలుగా చదవడం అలవాటే గాని, షెడ్డులో అవి కలిసే వస్తాయి.

9.5 ఇన్సులేషన్ ఎలా దెబ్బతింటుంది

వేగంగా లేచే పల్స్ వైండింగ్ అంతటా సమానంగా పంచుకోబడదు. అది మొదటి కాయిల్ దాటకముందే పూర్తి ఎత్తుకు చేరుతుంది, కాబట్టి వోల్టేజిలో పెద్ద భాగం మొదటి చుట్ల మధ్యనే పడుతుంది. యంత్రంతో ఇష్టం వచ్చినట్టు చుట్టిన చిన్న మోటార్లలో మొదటి చుట్టు పక్కన చివరి చుట్టు కూడా పడి ఉండవచ్చు. వాటి మధ్య వార్నిష్ చేరని చోట సన్నని గాలి ఖాళీలు ఉంటాయి. ఆ గాలి అయనీకరణం చెంది చిన్న చిన్న మెరుపులు వస్తాయి. దీన్ని పాక్షిక ఉత్సర్గం అంటారు. ఒక్కో మెరుపు చేసే హాని అత్యల్పం. కాని క్యారియర్ పౌనఃపున్యం 4 కిలోహెర్ట్జ్ అయితే 8 గంటల షిఫ్టులో ఒక్కో ఫేజుకు 11.52 కోట్ల పల్సులు చేరతాయి. ఓజోన్, వేడి కలిసి ఎనామిల్‌ను కొద్దికొద్దిగా తినేస్తాయి.

మోటారు కూత పెడుతోందని క్యారియర్ పౌనఃపున్యాన్ని 12 కిలోహెర్ట్జ్‌కు పెంచడం షెడ్డుల్లో మామూలే. కూత తగ్గుతుంది, పల్సుల సంఖ్య మూడింతలవుతుంది.

పరీక్షల విషయంలో ఒక హెచ్చరిక. మెగ్గర్ వైండింగ్‌కు, బాడీకి మధ్య ఇన్సులేషన్‌ను మాత్రమే చూస్తుంది. చుట్టుకు, చుట్టుకు మధ్య ఉన్న లోపాన్ని అది పట్టుకోలేదు. దానికి సర్జ్ పరీక్ష అవసరం. అలాగే మల్టీమీటర్ ఈ శిఖరాలను చూపలేదు. అధిక వోల్టేజి డిఫరెన్షియల్ ప్రోబ్‌తో ఆసిలోస్కోప్ ఉపయోగించాలి. మామూలు ప్రోబ్‌ను దాని ఎర్త్ క్లిప్‌తో సహా డ్రైవ్ అవుట్‌పుట్‌కు తగిలించడం ప్రాణాంతకం.

9.6 నియంత్రణ పద్ధతులు

అన్నిటికంటే చవకైన పద్ధతి డ్రైవ్‌ను మోటారు దగ్గరికి జరపడం. దుమ్ము, రసాయనాల ఆవిర్లు ఉన్న చోట ఇది కుదరదు, అందుకే డ్రైవ్‌లు చల్లటి ప్యానెల్ గదుల్లోకి చేరి కేబుళ్లు పొడవయ్యాయి.

ఉప్పల్‌లోనే దీనికి పూర్తి భిన్నమైన ఏర్పాటును చూడవచ్చు. 2017 నవంబరు 28న ప్రారంభమైన హైదరాబాద్ మెట్రోకు ఉప్పల్‌లో డిపో ఉంది. రైలు పైతీగ నుంచి 25 కిలోవోల్టుల ఏసీ తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి, డీసీగా మార్చి, ఇన్వర్టర్ల ద్వారా మోటార్లను నడుపుతుంది. ఇన్వర్టర్, మోటార్లు రైలుతో పాటే ప్రయాణిస్తాయి కనుక వాటి మధ్య షెడ్డులో లాగా పొడవాటి కేబుల్ ఉండదు. బ్రేకు వేసినప్పుడు పుట్టే శక్తి కూడా తిరిగి పైతీగలోకి వెళుతుంది. చిన్న కర్మాగారంలోని సాధారణ డ్రైవ్‌కు ఆ తిరుగు దారి లేదు. అక్కడ బ్రేక్ చాపర్, రెసిస్టర్ పెట్టి ఆ శక్తిని వేడిగా పోగొట్టాలి, లేదా మోటారు ఆగే సమయాన్ని పెంచాలి. పది సెకన్లలో ఆగేదాన్ని నలభై సెకన్లలో ఆగేలా అమర్చడానికి పైసా ఖర్చు లేదు. ముందు అది ప్రయత్నించడం మంచిది.

కేబుల్ పొడవు తగ్గించలేనప్పుడు డ్రైవ్ అవుట్‌పుట్ వైపు చోక్ పెట్టవచ్చు. ఇది పల్స్ లేచే వేగాన్ని తగ్గిస్తుంది, కొంత వోల్టేజిని కూడా మింగుతుంది. ఇన్‌పుట్ వైపు చోక్ వేరే పనికి, అది మోటారును ఈ శిఖరాల నుంచి కాపాడదు. ఈ రెండిటినీ కలగలిపి కొనేవారు ఉన్నారు. డీవీ/డీటీ ఫిల్టర్ చోక్‌కు కెపాసిటర్, రెసిస్టర్ జోడించినది. ఇలాంటి ఫిల్టర్లను సాధారణంగా శిఖరం డీసీ బస్‌కు 1.5 రెట్లు దాటకుండా రూపొందిస్తారు. మన ఉదాహరణలో అది సుమారు 880 వోల్టులు. మోటారు చివర పెట్టే ఆర్‌సీ టెర్మినేటర్ దారి వేరు. కేబుల్ సర్జ్ ఇంపెడెన్స్‌కు సమానమైన రెసిస్టర్‌తో గోడను మెత్తబరిచి అలను వెనక్కి మళ్లనీయదు.

సైన్ ఫిల్టర్ అన్నిటికంటే ఖరీదైనది, పల్సులను దాదాపు సైన్ తరంగంగా మార్చేస్తుంది. దీని అవసరం బాగా కనిపించేది కర్మాగారాల్లో కంటే బోరు బావుల్లో. హైదరాబాద్ నేల కింద గ్రానైటు రాయి. నీటికోసం 800 అడుగుల లోతుకు వేసిన బోర్లు కూడా ఉన్నాయి. అపార్ట్‌మెంటు వారు సబ్‌మెర్సిబుల్ మోటారుకు పైన డ్రైవ్ పెడితే మధ్య కేబుల్ దాదాపు 240 మీటర్లు. మోటారు కాలితే దాన్ని బయటికి తీయడమే ఒక పెద్ద ఖర్చు. అక్కడ ఫిల్టర్‌కు పెట్టే డబ్బు దండగ కాదని నా అభిప్రాయం.

పాత మోటారుకు కొత్తగా డ్రైవ్ బిగించేటప్పుడు పవర్ ఫ్యాక్టర్ కోసం మోటారు వద్ద పెట్టిన కెపాసిటర్లను తప్పక తీసేయాలి. వేగంగా లేచే పల్సులకు కెపాసిటర్ దాదాపు షార్ట్ సర్క్యూట్ లాంటిది. ఈసారి కాలేది డ్రైవ్. మోటారును ఎలాగూ రివైండింగ్‌కు పంపుతుంటే ఇన్వర్టర్ పనికి తగిన మందమైన ఎనామిల్ తీగ, ఫేజుల మధ్య ఇన్సులేషన్ కాగితం, ఖాళీలు మిగలకుండా వార్నిష్ కావాలని మేస్త్రికి ముందే చెప్పాలి. అతనికి డ్రైవ్ సంగతి ఎవరూ చెప్పకపోతే పాత లెక్క ప్రకారమే కడతాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. లేచే కాలం 0.2 మైక్రోసెకన్లు ఉన్న డ్రైవ్‌కు సంధి పొడవు ఎంత? 12 మీటర్ల కేబుల్‌పై పూర్తి పరావర్తనం జరుగుతుందా?

2. ఒక పెద్ద మోటారు సర్జ్ ఇంపెడెన్స్ 400 ఓమ్‌లు, కేబుల్‌ది 80 ఓమ్‌లు. డీసీ బస్ 587 వోల్టులు అయినప్పుడు మోటారు వద్ద శిఖర వోల్టేజి లెక్కించి, 9.4లోని చిన్న మోటారు విలువతో పోల్చండి.

3. ఒక మోటారు మెగ్గర్ పరీక్షలో నెగ్గి, బిగించిన మరునాడే కాలిపోయింది. ఇది ఎలా సాధ్యమో వివరించండి.

4. మీకు అందుబాటులో ఉన్న ఏదైనా కర్మాగారంలో గాని, అపార్ట్‌మెంటులో గాని డ్రైవ్ నుంచి మోటారు దాకా కేబుల్ పొడవును అడిగి తెలుసుకోండి. మోటారు నేమ్‌ప్లేట్ వివరాలతో కలిపి, అక్కడ ఏ నియంత్రణ పద్ధతి తగునో ఒక పేజీలో రాయండి. ప్యానెల్ తలుపు మీరు తెరవవద్దు.