పాత కంప్యూటరును పారవేయుటకు ముందు

పోయిన కార్యవర్గ సమావేశమున మన సంఘపు పాత కంప్యూటరును గూర్చి చర్చ జరిగినది. అది 2012వ సంవత్సరమున కొన్న యంత్రము. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘముల కంప్యూటరీకరణమునకై కేంద్ర మంత్రివర్గము 2022 జూన్ 29న అంగీకరించిన పథకము క్రింద వచ్చిన యంత్రముమీద సంఘపు అధికారిక లెక్కలు నడచుచున్నవి. పాతది గుమాస్తా బల్లమీద నుండి ఎరువుల నిల్వ పట్టీలకును, సభ్యులకు పంపు నోటీసులకును, మార్కెటు ధరలు చూచుటకును ఉపయోగపడుచుండెను. ఇటీవల దాని మీట నొక్కి, తాంబూలము వేసికొని నమిలి ముగించినను అది మేల్కొనుట లేదు.

పట్టణమునుండి వచ్చిన యొక వర్తకుడు దానిని చూచి, "ఇది తుక్కు. దీనిమీద క్రొత్త విండోసు ఎక్కదు. వేరొకటి కొనుడు" అని ధరల పట్టీ నిచ్చి పోయెను. ఆ సొమ్ముతో గిడ్డంగి కప్పున కారుచున్న రేకులు మార్పింపవచ్చునని కొందఱు సభ్యులనిరి. సొమ్ము మిగుల్చుకొనబోయి సభ్యుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాల సంఖ్యలు దొంగల పాలు చేయుదురా యని మఱికొందఱనిరి. ఇరువురి మాటలోను న్యాయమున్నది. కావున మేము ఈ విషయమును విచారించి, యంత్రమును విప్పి చూచి, తెలిసికొన్న సంగతులను సభ్యుల యెదుట నుంచుచున్నాము.

వర్తకుని మాటలో నిజమెంత?

కంప్యూటరులోని భాగములన్నిటిచేత పని చేయించు మూల సామగ్రికి ఆపరేటింగు సిస్టమని పేరు. మన యంత్రముపై నున్నది మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోస్ 10. దానిని వారు 2015 జూలై 29న విడుదల చేసిరి. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణముగా నిచ్చు రక్షణ మరమ్మతులను నిలిపివేసిరి. తరువాతిదైన విండోస్ 11 రావలెనన్నచో యంత్రమునకు కనీసము 4 జీబీల ర్యామును, 64 జీబీల నిల్వ స్థలమును, టీపీఎం 2.0 అను భద్రతా సాధనమును ఉండవలయును. అంతేకాక ప్రాసెసరు కంపెనీవారి యామోద పట్టికలో నుండవలయును. ఇంటెల్ ప్రాసెసర్లలో నించుమించుగా 2017లో వచ్చిన యెనిమిదవ తరమును, అటు తరువాతివియు మాత్రమే ఆ పట్టికలో చేరినవి. 2012 నాటి యంత్రము దీనికి తగదు. ఆ నిబంధనలను తప్పించుకొని ఎక్కించు ఉపాయములు కొన్ని గలవు గాని, అట్టి యంత్రములకు మరమ్మతులు తప్పక వచ్చునని కంపెనీవారు హామీ ఇచ్చుట లేదు. ఇంతవరకు వర్తకుని మాట సత్యమే.

ఎప్పటివలెనే పాత విండోసుతో కాలము గడుపరాదా యని కొంద ఱడుగవచ్చును. ఇంటర్నెటుతో సంబంధము లేనిచోట గడుపవచ్చును. సంబంధమున్నచోట అది గడియ లేని తలుపు వంటిది. 2017 మే 12న వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమంతటను వ్యాపించెను. దానిని నివారించు మరమ్మతును మైక్రోసాఫ్టువారు మార్చి నెలలోనే పంపియుండిరి. ఆ మరమ్మతు చేసికొనని యంత్రములలోని కాగితములకు అది తాళము వేసి, విడిపించుటకు సొమ్మడిగినది. ఆంధ్రప్రదేశములోని కొన్ని పోలీసు ఠాణాల కంప్యూటర్లును దానివాత బడినవి. పోలీసువారికి తప్పని యాపద సంఘ గుమాస్తాకు తప్పునని నమ్మియుండుట వివేకము గాదు.

అయినను, క్రొత్త విండోసు ఎక్కదనుట వేఱు, యంత్రము పనికిరాదనుట వేఱు. వర్తకుడు ఈ రెంటిని ఒకటిగా చెప్పెను.

యంత్రము ఏల మందగించినది?

రైతులకు సులభముగ తెలియునట్లు చెప్పెదము. హార్డు డిస్కు గిడ్డంగి వంటిది. కాగితములన్నియు అందు నిలువయుండును. ర్యాము కళ్ళము వంటిది. ఇప్పుడు పని జరుగవలసిన సరుకును అక్కడ పఱచుకొందురు. ప్రాసెసరు నూర్చు పనివాడు. కళ్ళము చిన్నదైనచో సగము పనలను మరల గిడ్డంగికి మోసి, తక్కినవి నూర్చి, మోసినవానిని తిరిగి తేవలసివచ్చును. పనివాడెంత బలవంతుడైనను ఆ మోతతోనే ప్రొద్దు గ్రుంకును. మన యంత్రమునకు జరిగినది సరిగా నిదియే. దాని ర్యాము 2 జీబీలు. నేటి వెబ్‌సైటులు ఒక్కొక్కటియు ఒక్కొక్క బండెడు పనలు దింపుచున్నవి. బ్రౌజరులో నాలుగైదు పుటలు తెఱచునప్పటికి కళ్ళము నిండిపోవుచున్నది.

దీనికి తోడు పాత హార్డు డిస్కులో పళ్ళెము నిమిషమునకు 7,200 మారులు తిరుగుచుండగా, చిన్న చేయి యొకటి అటునిటు కదలుచు సరుకును వెదకును. క్రొత్తరకపు ఎస్సెస్డీలో కదలు భాగమే లేదు; అడిగినది వెంటనే అందును. పాత యంత్రమున ఏదేని ఒక్క భాగమునకే ఖర్చు పెట్టదలచినచో ఎస్సెస్డీకి పెట్టుట మేలని మా యనుభవము.

మేము చేసిన పని

మొట్టమొదట డిస్కులోని కాగితములన్నిటికిని రెండు నకళ్ళు తీసి రెండు వేర్వేఱు స్థలములలో నుంచితిమి. ఈ పని ముగియక ముందు తక్కినదేదియు ముట్టరాదు. డిస్కు కటకట ధ్వని చేయుచున్నచో ఈ నియమము మఱింత ముఖ్యము.

పిదప పెట్టె విప్పి పంకాలలో పేరుకొన్న దుమ్మును తీసితిమి. దుమ్ము పట్టిన యంత్రము వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. లోపల రూపాయి బిళ్ళవంటి చిన్న బ్యాటరీ యొకటి యున్నది. అది వట్టిపోయినచో కరెంటు పోయినప్పుడెల్ల యంత్రపు గడియారము పాత సంవత్సరములకు వెనుదిరుగును. తేది తప్పైనచో బ్యాంకు మున్నగు భద్రమైన వెబ్‌సైటులు తెఱచుకొనవు. సభ్యులు ఇంటర్నెటు చెడినదనుకొందురు. దోషము మాత్రము ఆ చిన్న బ్యాటరీది. దానిని మార్చితిమి.

తరువాత 240 జీబీల ఎస్సెస్డీని పెట్టి, వాడిన సరుకు అమ్ము అంగడినుండి 4 జీబీల ర్యామును తెచ్చి చేర్చితిమి. ర్యాములో డీడీఆర్ 2, డీడీఆర్ 3 యని తెగలున్నవి. ఒకదాని గాటు మఱొకదాని గాడిలో కుదురదు. కావున పాత ముక్కను చేతబట్టుకొని పోయి దానికి జతయైనదానినే కొనవలయును. ఈ రెండు భాగములకైన ఖర్చు వర్తకుని పట్టీలోని ధరలో పదియవ వంతునకు మించలేదు.

తేలిక బండి

ఇక ఆపరేటింగు సిస్టము. 1991వ సంవత్సరమున ఫిన్లాండు దేశమందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియగు లినస్ టోర్వాల్డ్స్ లినక్సు అను దానికి బీజము వేసెను. దాని లోపలి వ్రాతను ఎవరైనను చూడవచ్చును, దిద్దవచ్చును, నకలు తీసి పంచుకొనవచ్చును. అనేక దేశములవారు కలసి పెంచుచున్న యీ పని మన సహకార ధర్మమునకు దూరపు బంధువు కాదు. దీనికి వెల లేదు, ఏటేటి చందాయు లేదు.

లినక్సులో పెక్కు తెగలున్నవి. మేము ఎన్నుకొన్నది లినక్స్ మింటు. అందును ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలిక రూపము. దీనికి 2 జీబీల ర్యాము కనీసము, 4 జీబీలున్న సుఖము. అంతకంటె బలహీనమైన యంత్రములకు లుబుంటు, యాంటీఎక్స్ మున్నగునవి కలవు. అయితే 32 బిట్ల ప్రాసెసరు గల మిక్కిలి పాతవానికి దారి యిఱుకగుచున్నది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అట్టి యంత్రములపై స్థాపించు ఏర్పాటును మానివేసినది.

దీనిని స్థాపించుటకు ముందే రుచి చూడవచ్చును. 8 జీబీల పెన్‌డ్రైవులో నెక్కించి, యంత్రము మేల్కొనునపుడు డిస్కునుండి గాక పెన్‌డ్రైవునుండి మేల్కొనునట్లు చేసినచో, డిస్కులోని దేదియు చెడకుండ లినక్సు నడచును. ప్రింటరు కదలునా, ఇంటర్నెటు వచ్చునా యని యప్పుడే చూచుకొనవలయును. స్థాపనము చేయునపుడు మాత్రము జాగ్రత్త. "డిస్కు నంతటిని తుడుతునా?" అను ప్రశ్నకు అవునన్నచో పాత కాగితములు మిగులవు.

ఇప్పుడు మన యంత్రము నిమిషము లోపలనే మేల్కొనుచున్నది. లిబ్రెఆఫీసు అను సామగ్రితో నిల్వ పట్టీలు తెఱచుకొనుచున్నవి. యూనికోడు పద్ధతిని వ్రాసిన తెలుగు చక్కగా కనబడుచున్నది. హైదరాబాదునందలి స్వేచ్ఛ యను సంస్థవారు ఆపరేటింగు సిస్టమునే తెనిగించుటకు కృషిచేసిరని సభ్యులు సంతోషముతో తెలిసికొందురు గాక.

కాని పనులు

ఇంతవరకు మంచినే చెప్పితిమి. చెడును దాచుట ధర్మము గాదు. పాత నోటీసులలో అను ఫాంటులతో కూర్చినవి లినక్సులో అక్షరములు గాక పిచ్చిగీతలుగా కనబడినవి. యూనికోడులోనికి మార్చువఱకు వానితో పని లేదు. గుమాస్తా కొన్నిటిని తిరిగి వ్రాసికొనవలసివచ్చెను. విండోసుకొఱకే చేసిన లెక్కల ప్రోగ్రాములు సాధారణముగ దీనిపై నడువవు. వ్రేలిముద్ర యంత్రములు, డిజిటలు సంతకపు సాధనములు కొన్ని పనిచేయును, కొన్ని పనిచేయవు. కొన్ని ప్రింటర్లకును ఇదే గతి. కావున మార్పునకు ముందు సంఘములో నేయే పనులు ఏయే సాధనములతో జరుగుచున్నవో పట్టీ వ్రాసికొని, ఒక్కొక్కదానిని పెన్‌డ్రైవు పరీక్షలోనే సరిచూచుకొనవలయును. పథకము క్రింద వచ్చిన యధికారిక యంత్రమును మాత్రము పైవారి యనుమతి లేక ముట్టరాదు.

అతి పాత యంత్రమును బ్రతికింప బూనుటయు తప్పే. లోపలి పలకమీది చిన్న డబ్బాలవంటి కెపాసిటర్లు ఉబ్బినను, సరియగు ర్యాము దొరకకున్నను, ర్యాము పెంచుటకు చోటు లేకున్నను, అందుపై సొమ్ము పోయుట వట్టి గొడ్డునకు తవుడు పెట్టుటయే. అట్టిదానిని చెత్త సామానువానికి తూచి యమ్మక, 2022 నాటి ఎలక్ట్రానికు వ్యర్థముల నిబంధనల ననుసరించి నమోదైన సంస్థకు ఒప్పగింపవలయును. ఒప్పగించుటకు ముందు డిస్కును ఊడదీసి, పూర్తిగా తుడిచియైనను, పగులగొట్టియైనను వేయవలయును. ఒక్క మీటతో తొలగించిన కాగితములను తెలిసినవాడు తిరిగి లేపగలడు. అందున్నవి మన సభ్యుల పేర్లు, అప్పులు, ఖాతాల సంఖ్యలు.

మన యంత్రమునకు అట్టి దశ యింకను రాలేదు. అది మరి కొన్నేండ్లు నోటీసులు వ్రాయగలదు, ధరలు చూపగలదు. గిడ్డంగి రేకులకు సొమ్ము మిగిలినది. వానలకు ముందే పని మొదలుపెట్టుటకు కార్యవర్గము తీర్మానించినది. పొరుగు సంఘములలో మూలబడియున్న పాత యంత్రములను పారవేయుటకు ముందు ఎవరైనను మా గుమాస్తాను చూడవచ్చినచో, ఆతడు పెన్‌డ్రైవుతో సహా సిద్ధముగ నుండును.