గురి తప్పుతోందా? ముందు కళ్ళను అడగండి

చెట్టు మీద పిట్టను చూపించి ఏం కనబడుతోందని ద్రోణుడు అడిగితే, పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడటం లేదన్నాడు అర్జునుడు. ఈ కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు అరుదు. మా అమ్మాయిని ఎయిర్ పిస్టల్ క్లాసులకు దింపుతూ దింపుతూ నలభయ్యో ఏట నేనూ చేరిపోయినప్పుడు, కోచ్ మొదటి రోజే ఆ పాఠాన్ని తిరగేసి చెప్పింది. టార్గెట్ కాస్త మసగ్గానే ఉండాలట. చూపు నిలవాల్సింది గొట్టం చివర ఉండే చిన్న పలక మీద, అంటే ఫ్రంట్ సైట్ మీద.

పన్నెండేళ్ళు ఆ మాటే పట్టుకున్నాను. యాభై రెండు వచ్చేసరికి ఆ ఫ్రంట్ సైటే మసకబారింది. నల్లగా, పదునుగా ఉండాల్సిన అంచు తడి కాగితం మీద సిరాలా అలుక్కుపోయింది. స్కోరు పడిపోతుంటే కాఫీని తిట్టుకున్నాను, నిద్రను తిట్టుకున్నాను, పిస్టల్ గ్రిప్ మార్చాను. కళ్ళ సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే పిల్లలు ఇవాళ పిస్టల్, రేపు కారు తాళాలు తీసేసుకుంటారేమోనని భయం.

ఆ భయంతో దాచిన ఏడాది వృథా అయింది. నాకు వచ్చినది మన అమ్మమ్మలకు తెలిసిన చత్వారమే. కంటిలోని కటకం వయసుతోపాటు గట్టిపడి, దగ్గరి వస్తువు కోసం తన ఆకారం మార్చుకోలేకపోతుంది. నలభైల్లో మొదలై అందరికీ వచ్చేదే. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చేయి దూరం జరుపుకుంటాం. పిస్టల్ పట్టుకున్నప్పుడు ఆ వీలు లేదు, చేయి అప్పటికే పూర్తిగా చాచి ఉంటుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. చదువుకునే అద్దాలు సుమారు 16 అంగుళాల దూరానికి చేస్తారు. ఫ్రంట్ సైట్ కంటికి 28, 30 అంగుళాల దూరంలో ఉంటుంది. డ్రైవింగ్ అద్దాలు మరీ దూరానికి. మనలో ఎక్కువమంది వాడే ప్రోగ్రెసివ్ లెన్సుల్లో ఈ మధ్య దూరానికి ఒక సన్నని పట్టీ ఉంటుంది కానీ, దానిలోంచి చూడాలంటే గడ్డం పైకెత్తాలి. అరగంటలో మెడ నొప్పి, గురి కూడా నిలవదు.

పరిష్కారం ఆశ్చర్యపోయేంత మామూలుది. తూటా లేదని రెండుసార్లు చూసుకుని, గురిపెట్టే భంగిమలో నిలబడి, కంటి నుంచి ఫ్రంట్ సైట్ దాకా ఎంత దూరమో పక్కవాళ్ళ చేత టేపుతో కొలిపించుకోండి. ఆ అంకె రాసుకుని ఆప్టోమెట్రిస్ట్ దగ్గరికి వెళ్ళండి. పిస్టల్ తీసుకెళ్ళనక్కర లేదు, కొలత చాలు. “గురిపెట్టే కంటికి ఈ దూరంలో స్పష్టంగా కనబడే ఒకే పవర్ లెన్సు కావాలి” అని అడగండి. తూటాలు పేల్చే రేంజ్‌కైతే పాలీకార్బనేట్ లెన్సు, ఫ్రేము మీద జెడ్87 గుర్తు ఉండేలా చూసుకోండి. ఆ అద్దాలు రేంజ్ సంచిలోనే ఉండాలి, వాటితో కారు నడపకూడదు.

ఇంకో ఉపాయం చిన్న రంధ్రం. బస్సు నంబరు కనబడనప్పుడు కళ్ళు చికిలిస్తాం కదా, అదే సూత్రం. కంటిలోకి వెలుగు వచ్చే దారి సన్నబడితే దగ్గరదీ దూరానిదీ రెండూ కాస్త తేటపడతాయి. అద్దానికి తగిలించుకునే ఐరిస్‌లు అందుకే ఉన్నాయి. రంధ్రం మరీ చిన్నదైతే చీకటి కమ్ముతుంది. వయసు పెరిగే కొద్దీ మన కళ్ళకు వెలుగు ఎక్కువ కావాలి కాబట్టి, మీ రేంజ్‌లో దీపాల కింది లేన్ అడిగి తీసుకోండి.

రెండో కన్ను గట్టిగా మూసుకోవడం వల్ల ముఖం అలసిపోతుంది. దాని ముందు చిన్న తెర పెట్టుకుంటే రెండు కళ్ళూ హాయిగా తెరిచి ఉంచొచ్చు. పారిస్ ఒలింపిక్స్‌లో, 2024లో, తుర్కియేకు చెందిన 51 ఏళ్ళ యూసుఫ్ డికెచ్ మామూలు కళ్ళద్దాలతో, రెండు కళ్ళూ తెరిచి నిలబడి, మిక్స్‌డ్ టీమ్ ఎయిర్ పిస్టల్‌లో రజతం గెలిచాడు.

రెడ్ డాట్ సైట్ కూడా మంచి దారే. చూపు టార్గెట్ మీదే ఉంచితే చుక్క దాని మీదే కనబడుతుంది, అర్జునుడి పాఠం మళ్ళీ పనికొస్తుంది. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్ళకు మాత్రం చుక్క నక్షత్రంలా చెదిరినట్టుంటుంది. కొనే ముందు ఎవరిదైనా ఒకసారి పట్టి చూడండి.

అయితే మసక అంతా చత్వారం కాదు. దీపాల చుట్టూ వలయాలు, వెలిసినట్టు కనిపించే రంగులు కంటిశుక్లం కావచ్చు. గ్లాకోమా నొప్పి లేకుండా పక్కచూపును తినేస్తుంది. మన ఇళ్ళలో షుగర్ ఎంత ఎక్కువో చెప్పనక్కర లేదు. షుగర్ ఉన్నవాళ్ళు ఏడాదికోసారి కంటిపాప పెద్దదిచేసే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల వాన, తెర దించినట్టు చీకటి కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే వెళ్ళండి.

శుక్లం ఆపరేషన్ చేయించుకోబోతుంటే షూటింగ్ సంగతి, ఏ కంటితో గురిచూస్తారో సర్జన్‌కు ముందే చెప్పండి. లోపల పెట్టే లెన్సు ఏ దూరానికి ఉండాలన్నది ముందే తేల్చుకోవాల్సిన విషయం. మల్టీఫోకల్ లెన్సుతో కొందరికి దీపాల చుట్టూ వలయాలు వస్తాయి. మెడికేర్ పార్ట్ బి మామూలుగా కళ్ళద్దాలకు డబ్బివ్వదు కానీ, ఈ ఆపరేషన్ తర్వాత ఒక జతకు ఇస్తుంది.

వయసు సంగతికొస్తే, ఉత్తరప్రదేశ్‌లోని జొహ్రీ గ్రామంలో చంద్రో తోమర్ మనవరాలికి తోడుగా రేంజ్‌కు వెళ్ళి, అరవై దాటాక తొలిసారి పిస్టల్ పట్టింది. పోటీల్లో పతకాలు గెలిచి “షూటర్ దాదీ” అయింది. జార్జియాకు చెందిన నీనో సలుక్వాద్జే 1988 సియోల్‌లో స్వర్ణం గెలిచి, 2024లో పారిస్‌లో తన పదో ఒలింపిక్స్ ఆడింది.

ఆపాల్సిన రోజు మాత్రం ఒకటుంటుంది. టార్గెట్‌నూ దాని వెనక ఏముందో కూడా స్పష్టంగా పోల్చుకోలేని రోజు తూటా పేల్చకూడదు. ఆ మాట రేంజ్ ఆఫీసర్ చెప్పేదాకా ఆగకుండా మనమే చెప్పుకుంటే గౌరవం. అప్పుడు కూడా తలుపులన్నీ మూసుకోవు. చూపు లేనివారి ఎయిర్ రైఫిల్ పోటీల్లో హెడ్‌ఫోన్స్‌లో వినబడే శబ్దం గురి కేంద్రానికి చేరే కొద్దీ మారుతూ దారి చూపిస్తుంది, పక్కన సహాయకుడు ఉంటాడు. మనం శబ్దవేధి అని దశరథుడి కథలో విన్న విద్య, అపాయం లేని రూపంలో.

నాకిప్పుడు రేంజ్ సంచిలో ఒక జత ప్రత్యేకం అద్దాలున్నాయి. స్కోరు పాత రోజుల్లోలా లేదు, కానీ ఫ్రంట్ సైట్ అంచు మళ్ళీ నల్లగా, పదునుగా ఉంది. అమ్మాయికి అంతా చెప్పేశాను. అది తాళాలేమీ అడగలేదు. “కంటి డాక్టర్ దగ్గరికి మళ్ళీ ఎప్పుడమ్మా?” అని అడిగి, ఆ తేదీ తన ఫోన్‌లో రాసుకుంది.