తేలిక ఇటుకకు పాళ్లే ప్రాణం
కలిపే సరుకును బట్టే బలం, చెమ్మ నిరోధం

ఎర్రగుంట్ల: వానలు తక్కువగా పడే సీమలో గోడలకు చెమ్మ బెడద ఉండదని చాలామంది నమ్ముతారు. ఈశాన్య రుతుపవనాల కాలంలో నాలుగు రోజులు ముసురు పడితే ఆ నమ్మకం వమ్మవుతుంది. ఏఏసీ బ్లాకులుగా పిలిచే తేలిక ఇటుకలతో ఇల్లు కట్టుకునేవారు వాటి తయారీ తీరును తెలుసుకోవడం మేలు.

తేలిక ఇటుక నిజానికి గట్టిపడిన నురగ. ఎర్రగుంట్ల మండలం కలమల్ల వద్దనున్న ఆర్టీపీపీ వంటి బొగ్గు ఆధారిత విద్యుత్ కేంద్రాల్లో వెలువడే బూడిద దీనికి ముడిసరుకుగా పనికొస్తుంది. విద్యుత్ కేంద్రాల పరిసరాల్లో ఇటుకల తయారీకి బూడిదను వాడాలని కేంద్ర ప్రభుత్వం 1999లోనే ఉత్తర్వులిచ్చింది.

బుడగ పుట్టేదిలా..
బూడిద, సున్నం, సిమెంటు, జిప్సంలను నీటితో జావగా కలిపి, అల్యూమినియం పొడి వేస్తారు. ఈ పొడి ముడిసరుకులో వెయ్యో వంతు కూడా ఉండదు. అది సున్నంతో కలిసి హైడ్రోజన్ వాయువును పుట్టిస్తుంది. దాంతో జావ ఇడ్లీ పిండిలా పొంగుతుంది. తర్వాత వాయువు వెలుపలికి పోయి, ఖాళీల్లో గాలి చేరుతుంది. గట్టిపడిన ముద్దను కోసి, సుమారు 190 డిగ్రీల ఆవిరిలో గంటల తరబడి ఉడికిస్తారు. ఘనపు మీటరు మట్టి ఇటుక సుమారు 1,800 కిలోలు తూగితే, ఇది 600 కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది. లోపలి గాలి ఎండ వేడిని అడ్డుకుంటుంది.

పాళ్లు తప్పితే..
అల్యూమినియం పొడి ఎక్కువైతే బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఇటుక బలహీనపడుతుంది. జావ పలుచనైతే వాయువు తప్పించుకుని ముద్ద కుంగుతుంది. మరీ చిక్కనైతే పగుళ్లు వస్తాయి. బూడిదలో కాలని బొగ్గు ఎక్కువగా ఉంటే నీరు ఎక్కువ పోయాల్సి వస్తుంది. ఆ నీరు ఆరాక సన్నని రంధ్రాలు మిగులుతాయి.

చెమ్మను లాగేది ప్రధానంగా పెద్ద బుడగలు కావు. వాటి నడుమ ఉండే ఈ సన్నని రంధ్రాలే, వత్తి నూనెను పీల్చినట్లు నీటిని పీలుస్తాయి. తడిసిన ఇటుకకు బలంతోపాటు వేడిని ఆపే గుణమూ తగ్గుతుంది. తయారీలో సిలికాన్ తరహా పదార్థాలు కలిపితే పీల్పు తగ్గుతుంది.

జాగ్రత్తలివీ..
ఐఎస్ 2185 మూడో భాగం ప్రమాణానికి లోబడిన ఇటుకలనే కొనాలి. వాటిని వానకు తడవకుండా నిల్వ చేయాలి. మట్టి ఇటుకల్లా నానబెట్టరాదు. బేస్‌మట్టం వరకు రాతి కట్టడం చేసి, పైన చెమ్మ నిరోధక పొర వేశాకే గోడ లేపాలి. వెలుపలి గోడకు పూత తప్పనిసరి.